బయానా వాపస్

మా అబ్బా ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపారు. కర్నూలు డిపో. ఆయనకు గాడీ అంటే ముందు ఆవాజ్, తర్వాతే మిగతావన్నీ. గేరు ఎప్పుడు మార్చాలో మీటర్ చూసి కాదు, చెవితో తెలుసుకునేవారు. ఏ బస్సుకు దగ్గు మొదలైందో, ఏ బస్సు రేపు ఘాట్ ఎక్కనని మొండికేస్తుందో ముందే చెప్పేవారని ఆయన పాత కండక్టర్లు ఇప్పటికీ అంటారు.

అలాంటి మనిషిని మా కొత్త ఎలక్ట్రిక్ కారులో ముందు సీట్లో కూర్చోబెట్టాను. బెల్టు పెట్టుకున్నారు. బిస్మిల్లా అన్నారు. కాసేపు ఇంతెజార్ చేసి, "చాలూ కర్ బేటా" అన్నారు.

"అయింది అబ్బా. చాలూలోనే ఉంది."

డాష్‌బోర్డు మీద వెలిగిన పచ్చ అక్షరాల వైపు చూశారు. నా వైపు చూశారు. "బోల్తీచ్ నై యే గాడీ. దీని మీద భరోసా ఎలా చేస్తావురా?" అన్నారు.

ఆ సవాల్‌కి జవాబు దొరకడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఇప్పటికీ పూర్తిగా దొరికిందని అనను. కానీ రిష్తేదార్లు వారానికి ఒకరైనా ఫోన్ చేసి "భాయ్, ఎలక్ట్రిక్ తీసుకోవాలా, పెట్రోలా? ఒక్క ముక్కలో చెప్పు" అంటున్నారు. ఒక్క ముక్కలో చెప్పలేకే ఇదంతా రాస్తున్నా. నేను ఇంజినీర్ని కాను. ఉర్దూ మీడియంలో లెక్కలు నేర్చుకుని, తెలుగులో డిగ్రీ చేసి, పత్రికలో రాత్రి డెస్కు మీద పడ్డవాణ్ణి. నాకున్నది ఒక నోట్‌బుక్, అందులో పదకొండు నెలల హిసాబ్, ఇంకా ఇంటి మనుషుల మాటలు. అంతే.

ముందు కొన్న సంగతి చెప్పాలి. టోలిచౌకిలో మా ఇంటికి 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఒకటి ఎప్పటినుంచో ఉంది. లీటరు ఇంజిన్, ఐదు గేర్లు. మా పెళ్లిళ్లు, పురుళ్లు, పండగలు అన్నీ మోసింది. నిరుడు అమ్మీకి డయాలిసిస్ మొదలైంది. వారానికి మూడు రోజులు లక్డీకాపూల్ దాకా వెళ్లి రావాలి. దానిమీద నా ఆఫీసు. మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఆ కారు లీటరుకు పన్నెండు, పదమూడు కిలోమీటర్లు ఇచ్చేది. నెలాఖరుకు పెట్రోల్ ఖర్చా చూస్తే మందుల ఖర్చా పక్కన నిలబడి పోటీ పడేది.

కొత్త ఎలక్ట్రిక్ కారు ధర పెట్రోల్ దానికంటే ఎక్కువ. లోన్ తీసుకుంటే సూద్. అబ్బా బతికుండగా ఆ గుమ్మంలోకి సూద్ కాగితం రాదు. అందుకే వేలం లేని మొహల్లా చీటీ ఎత్తి, ఇంటావిడ దాచిన కొంచెం కలిపి, రెండేళ్లు వాడిన బండి కొన్నాం. ఐదు డోర్లు, 24 యూనిట్ల బ్యాటరీ. కంపెనీ పేరు రాయను, ప్రచారం అనుకుంటారు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లకు ఒక్క మాట. ఈ బండ్ల బ్యాటరీకి మామూలుగా ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తారు. అది రెండో యజమానికి కూడా అలాగే వస్తుందా, తగ్గుతుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. బేరం ఆడే ముందు ఆ కాగితం చదవండి. పాత బండిలో అసలు సరుకు బ్యాటరీయే.

మొదటి రోజే అమ్మీని ఆస్పత్రికి తీసుకెళ్లాను. పోయేటప్పుడు బాగానే ఉంది. నాలుగు గంటల డయాలిసిస్ అయ్యాక తిరిగొస్తుంటే మాసబ్ ట్యాంక్ దాటేసరికి వాంతి చేసుకుంది. నాకు షరం, భయం రెండూ కలిగాయి. ఇంత ఖర్చు పెట్టి అమ్మీకి తక్లీఫ్ కొనిచ్చానా అనుకున్నా.

రాత్రి అబ్బాకి చెప్తే, పొద్దున నా పక్కన కూర్చుని గల్లీ చుట్టూ రెండు రౌండ్లు తిప్పించారు. ఆయన కళ్లు రోడ్డు మీద లేవు, నా పాదం మీద ఉన్నాయి. "తప్పు గాడీది కాదు, నీ కాలిది" అని తేల్చేశారు.

విషయం ఏమిటంటే, ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారు జనరేటర్‌లా తిరగబడుతుంది. చక్రాల వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపిస్తుంది. దాన్నే రీజెన్ అంటారు. బ్రేకు తొక్కకుండానే బండి ఆగిపోతూ ఉంటుంది. పెట్రోల్ కారు అలవాటుతో నేను కాలు టక్కున తీసేస్తున్నా. తీసిన ప్రతిసారీ వెనక కూర్చున్న మనిషి తల ముందుకు ఊగుతోంది. పెట్రోల్ కారులో కుదుపు క్లచ్ దగ్గర వస్తే, ఇక్కడ కాలు లేపేటప్పుడు వస్తుంది.

"సవారీ చేతిలో నిండు గ్లాసు నీళ్లు ఉన్నాయనుకో. తొక్కేటప్పుడు ఎంత నిదానమో, లేపేటప్పుడు అంతే నిదానం" అన్నారు అబ్బా. ఇంజినే లేని గాడీకి డీజిల్ బస్సు పాఠం సరిగ్గా సరిపోయింది. రీజెన్‌ను తక్కువలో పెట్టి, కాలును సబర్‌తో లేపడం నేర్చుకున్నా. వారంలో అమ్మీ వెనక సీట్లో నిద్రపోవడం మొదలుపెట్టింది. పాత కారులో ఆ ట్రాఫిక్‌లో ఆమె ఎప్పుడూ నిద్రపోలేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజిన్ వణుకు ఆమె నడుములోకి వచ్చేది.

ఇక రఫ్తార్ సంగతి. చిన్న ఎలక్ట్రిక్ కారు అంటే గోల్ఫ్ బండిలా నత్తనడక నడుస్తుందని చాలామందికి ఒక ఖయాల్ ఉంది. దానికి కారణం కూడా ఉంది. మన దేశంలో ముందు వచ్చిన చిన్న ఎలక్ట్రిక్ కార్లలో ఒకటి 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా. లెడ్ యాసిడ్ బ్యాటరీలు, తక్కువ వేగం, ఇద్దరు పెద్దలకే సరిపోయే చోటు. ఆ ముద్ర అలాగే ఉండిపోయింది. ఇప్పటి కథ వేరు.

ఒకే బాడీలో రెండు రకాలూ అమ్ముడవుతున్న టియాగోను తీసుకుంటే తేడా సులువుగా అర్థమవుతుంది. పెట్రోల్ టియాగో ఇంజిన్ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 113 న్యూటన్ మీటర్లు. పెద్ద బ్యాటరీ ఉన్న టియాగో ఈవీది 114. కాగితం మీద ఇద్దరూ అన్నదమ్ములే. కానీ పెట్రోల్ ఇంజిన్ ఆ బలం పూర్తిగా ఇవ్వాలంటే నిమిషానికి 3,300 చుట్లు తిరగాలి. అక్కడిదాకా గేర్లు, క్లచ్‌లతో దాన్ని మనం లాక్కెళ్లాలి. ఎలక్ట్రిక్ మోటారు నిలబడ్డచోటే మొత్తం బలం ఇచ్చేస్తుంది. సున్నా నుంచి 60 కిలోమీటర్ల వేగానికి 5.7 సెకన్లు అని కంపెనీ చెప్తుంది. మన గల్లీల్లో, ఫ్లైఓవర్ల కింద అసలు పని పడేది ఆ సున్నా నుంచి 60 మధ్యలోనే. టోలిచౌకి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పాత కారులో ఐదుగురం ఉంటే ఏసీ ఆపి, రెండో గేరులోకి దిగేవాణ్ణి. ఇప్పుడు కాలు కొంచెం వంచితే చాలు.

అయితే ఎనభై, తొంభై దాటాక ఈ జోష్ ఉండదు. చిన్న ఈవీలకు ఒకటే గేరు. మొదట్లో ఉన్న దూకుడు పైకి పోయేకొద్దీ సల్లబడుతుంది. హైవే మీద లారీని దాటేటప్పుడు పెట్రోల్ కారులో గేరు తగ్గించి గట్టిగా తొక్కితే వచ్చే ఊపు, ఇందులో ఆ వేగంలో రాదు. ముందే అందాజా వేసుకుని దాటాలి.

పదకొండు నెలల తజ్రుబాలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది మరొకటి. ఈ రెండు గాడీల మిజాజ్ పూర్తిగా తారుమారు. పెట్రోల్ కారుకు ఊరు శిక్ష, హైవే ఆరామ్. సిగ్నల్ దగ్గర ఆగితే ఊరికే పెట్రోల్ తాగుతుంది. ఏసీతో గంటసేపు నిలబెడితే లీటరుకు అటూ ఇటూ పోతుంది. అదే హైవేలో డెబ్బై, ఎనభైలో నిలకడగా పోతే మా పాత కారు లీటరుకు పద్దెనిమిది ఇస్తుంది. ఎలక్ట్రిక్ దానికి ఊరే ఆరామ్. ఆగినప్పుడు మోటారు ఏమీ తినదు, బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత తిరిగి సంపాదిస్తుంది. హైవే ఎక్కితే ఆ సంపాదన ఉండదు. పైగా గాలి అడ్డం తగులుతుంది. వేగం రెట్టింపైతే ఆ అడ్డు నాలుగు రెట్లవుతుంది.

మా బండికి కాగితం మీద మూడొందల కిలోమీటర్లు రాసి ఉంది. ఆ పరీక్ష ల్యాబులో జరుగుతుంది. నా నోట్‌బుక్‌లో ఊళ్లో ఏసీతో సగటున 200. చలికాలం ఏసీ లేకుండా 220 దాకా. హైవేలో ఎనభైలో పోతే 170. వంద వేగంలో ఒకసారి వెళ్లి చూశాను, 150 కూడా రాదనిపించి భయపడి తగ్గించాను. ఎవరైనా "ఎంత వస్తుంది?" అని అడిగితే "ఎక్కడ?" అని మళ్లీ అడుగుతున్నా.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తా. పూర్తిగా చార్జ్ చేస్తే, మధ్యలో పోయే నష్టం కలిపి మీటర్‌లో 27 యూనిట్ల దాకా తిరుగుతుంది. మా ఇంటి వాడకం మూడొందల యూనిట్లు దాటుతుంది కాబట్టి స్లాబు తొమ్మిది, తొమ్మిదిన్నర రూపాయలు. అంటే రెండొందల కిలోమీటర్లకు సుమారు 250 రూపాయలు. పెట్రోల్ కారుకు అదే దూరం ఊళ్లో నడపాలంటే పదిహేను లీటర్లు కావాలి. నేను లెక్క రాసుకునేటప్పుడు హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల చిల్లర, అంటే 1,600. ఒకే దూరం, ఆరింతల తేడా. కానీ ఇది ఇంట్లో చార్జ్ చేసుకునేవాళ్ల లెక్క. బయట ఫాస్ట్ చార్జర్ల దగ్గర యూనిట్‌కి ఇంటి ధరకు రెండింతలు కట్టిన రోజులున్నాయి.

ఇంట్లో చార్జింగ్ అంటే సొంత పార్కింగ్ ఉండాలి, దగ్గర్లో 15 ఆంపియర్ల సాకెట్ ఉండాలి, మీటర్ లోడ్ పెంచుకోవాలి. మాది మూడంతస్తుల ఇల్లు, కింద మేమే ఉంటాం కాబట్టి కుదిరింది. ఇషా తర్వాత పెడితే ఫజర్‌కి నిండుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉన్న మా తమ్ముడికి వాచ్‌మన్‌ని, అసోసియేషన్‌ని, పక్క ఫ్లాట్ వాళ్లని ముగ్గురినీ రాజీ చేయడానికి ఐదు నెలలు పట్టింది. కిరాయా ఇంట్లో ఉండి, కారు గల్లీలో పెట్టుకునేవాళ్లకు నేను ఇప్పటికైతే ఎలక్ట్రిక్ కొనమని చెప్పను. వాళ్లకు చవక కాస్తా మహంగా అవుతుంది.

ఇంకా చిన్న చిన్న తక్లీఫ్‌లున్నాయి. బ్యాటరీ బరువుతో బండి అదే సైజు పెట్రోల్ కారుకంటే వంద కిలోలకు పైగా ఎక్కువ. మన మొహల్లాల్లో ఎవరింటి ముందు వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద నిండు లోడుతో వెళ్తే కింద రాసుకుంటుంది. మే నెల ఎండలో నిలబెట్టిన బండిని చల్లబరచడానికి ఏసీ గబగబా కరెంటు తాగుతుంది. గంటకు పన్నెండు కిలోమీటర్లు కూడా కదలని రంజాన్ సాయంత్రాల్లో, ఇఫ్తార్ ముందు మదీనా వైపు వెళ్తే, నడకకు పోయినంతే ఏసీకీ పోయింది. అన్నిటికంటే ఫికర్ ఆ ఖామోషీయే. గల్లీలో పిల్లలు, మేకలు, ముసలివాళ్లు మన బండి వచ్చిన సంగతే వినరు. హారన్ కొడితే ఉలిక్కిపడతారు. అందుకే గల్లీలో నడకంత వేగంలో పోతాను. అద్దం దించి "జరా బాజూ" అంటాను.

కానీ ఆ బండి మా ఇంట్లో ఒక పెద్ద మార్పు తెచ్చింది. మా ఇంటావిడ పదేళ్ల కింద డ్రైవింగ్ నేర్చుకోవడానికి వెళ్లి, క్లచ్ దగ్గర భయపడి, మెహదీపట్నం చౌరస్తాలో బండి ఆగిపోతే వెనకవాళ్లు అన్న మాటలు పడలేక మానేసింది. ఎలక్ట్రిక్ కారులో ఎడమ కాలికి పని లేదు. సిగ్నల్ దగ్గర ఆగిపోవడం అంటూ ఉండదు. అబ్బాయే పక్కన కూర్చుని నేర్పించారు. ఆయన చెవి ఈమధ్య తగ్గింది. పాత కారులో ఇంజిన్ మాట సరిగ్గా వినపడక గేరు ఆలస్యంగా మారుస్తున్నారని నేను గమనించి, బాధపడి, చెప్పలేక ఊరుకున్నా. ఆయనకూ తెలుసు. కోడలికి నేర్పిస్తూ ఒకరోజు తనంతట తనే అన్నారు: "ఈ గాడీ బాగుంది. నాకు వినపడకపోయినా దానికి కోపం రాదు." రెండు నెలల్లో ఇంటావిడ లైసెన్స్ తీసుకుంది. ఇప్పుడు వారంలో రెండు డయాలిసిస్‌లు ఆమెవే. నేను రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకోగలుగుతున్నా.

అలా అలవాటయ్యాక, పాత కారు ఎందుకని అనిపించింది. ఇన్సూరెన్స్ కట్టాలి, 2027లో రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నిండి మళ్లీ చేయించాలి, పొల్యూషన్ కాగితం, ఆయిల్. వారాల తరబడి కదలకుండా దుమ్ము పట్టేది. గల్లీ చివర టైలర్ భాయ్ తన కుటుంబానికి కావాలన్నారు. 1,40,000కి మాట అయింది. ఐదు వేలు బయానా ఇచ్చి, నెల చివర్లో మిగతాది ఇచ్చి తీసుకెళ్తానన్నారు. అబ్బా ఏమీ అనలేదు. ఆ రోజు మగ్రిబ్ తర్వాత కిందికి వెళ్లి దాని బానెట్ తుడిచి వచ్చారు.

బయానా తీసుకున్న పన్నెండో రోజు, మే నెల, రాత్రి పదకొండుకు కర్నూలు నుంచి ఫోన్. అబ్బా చెల్లెలు, మా ఫుప్పు, పదిన్నరకు ఇంతెఖాల్. ఎండల వల్ల మయ్యత్‌ను ఉంచరు. ఫజర్ తర్వాత దఫన్.

అబ్బా మంచం మీద కూర్చుండిపోయారు. ఇంట్లో బతికున్న తోబుట్టువు ఆమె ఒక్కతే. "ముఖం చూడాలి" అన్నారు. అంతే.

నేను కిందికి దిగి ఎలక్ట్రిక్ కారు తెరిచాను. 31 శాతం. ఆ రోజు ఆస్పత్రి, ఆఫీసు, మళ్లీ ఒక పని మీద సికిందరాబాద్ తిరిగి వచ్చి, తిన్నాక పెడదాంలే అనుకుని మర్చిపోయాను. 31 శాతానికి హైవేలో యాభై కిలోమీటర్లు. అంటే షాద్‌నగర్. కర్నూలు 215. ఫోన్‌లో చార్జర్లు వెతికాను. దారిలో ఒకటి పనిచేయడం లేదని చూపించింది. ఇంకొక దాంట్లో ఎవరో బండి పెట్టి ఉన్నారు. మరొకటి రాత్రిపూట తెరిచి ఉంటుందో లేదో అని ఫోన్ చేస్తే ఎత్తలేదు. అన్నీ దొరికినా రెండుసార్లు ఆగాలి, ఒక్కోసారి గంట. ఫజర్ మే నెలలో నాలుగున్నరకే వస్తుంది. హిసాబ్ కుదరలేదు. వేళ్లు వణుకుతున్నాయి, లెక్క రెండుసార్లు చేశాను, రెండుసార్లూ కుదరలేదు.

అబ్బా మెట్లు దిగుతూ పాత కారు తాళం తెచ్చారు.

మూడు వారాలు కదలని బండి. తాళం తిప్పితే మొదటిసారి మూలిగింది. రెండోసారి ఇంకా చిన్నగా మూలిగింది. అబ్బా చెయ్యి అడ్డం పెట్టి "ఆగు. అన్ని లైట్లు ఆపు. పది లెక్కపెట్టు" అన్నారు. లెక్కపెట్టాను. మూడోసారి అందుకుంది. గల్లీ అంతా ఆ ఆవాజ్. ఆ రాత్రి అంత మంచి చప్పుడు నేను వినలేదు.

మెహదీపట్నం బంకులో ఐదు నిమిషాలు. ట్యాంక్ నిండింది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగేసరికి పన్నెండు దాటింది. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు. ఎక్కడా ఆగలేదు. అబ్బా మాట్లాడలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే మాత్రం అన్నారు: తాను హైదరాబాద్ సర్వీసు నడిపే రోజుల్లో ఫుప్పు బస్టాండుకు డబ్బా తెచ్చి నిలబడేదట. దూరం నుంచే ఇంజిన్ చప్పుడు విని "మా అన్న బస్సు" అని చెప్పేదట. నాకు అది నిజమో, ముసలితనపు ముచ్చటో తెలీదు. అడగలేదు.

నాలుగు కాకముందే చేరాం. అబ్బా చెల్లెలి ముఖం చూశారు. ఫజర్ జమాత్ తర్వాత జనాజా నమాజ్. కాంధా ఇచ్చారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి వంగి మూడు పిడికిళ్ల మట్టి వేశారు.

ఆ ఉదయమే టోలిచౌకిలో ఇంకొకటి జరిగింది. మేం బయల్దేరుతూ ఎలక్ట్రిక్ కారును సాకెట్‌కి తగిలించి వచ్చాం. పొద్దున్నే అది నిండి ఉంది. అమ్మీకి ఆ రోజు డయాలిసిస్. ఇంటావిడ తీసుకెళ్లి తీసుకొచ్చింది. కర్నూలులో ఖబ్రస్తాన్ బయట నిలబడి ఉంటే ఆమె ఫోన్: "అమ్మీ పడుకుంది. బీపీ బాగుంది." ఒకే రోజు, రెండు గాడీలూ తమ తమ పని చేశాయి. ఏ ఒక్కటీ రెండో దాని పని చేయగలిగేది కాదు. ఎలక్ట్రిక్ లేకపోతే అమ్మీకి ఆటోలు, నాకు మనసంతా ఇక్కడ. పెట్రోల్ లేకపోతే అబ్బా మట్టి వేసేవారు కాదు.

నలభయ్యో రోజు చాలీస్వాకి మాత్రం పట్టుబట్టి ఎలక్ట్రిక్ కారులోనే వెళ్లాను. ముందు రాత్రి నింపి పెట్టాం. వేగం డెబ్బైకి మించలేదు. జడ్చర్ల దాటాక ఒక హోటల్ దగ్గర చార్జర్‌కి తగిలించాం. నలభై ఐదు నిమిషాలు. అమ్మీ లేకుండా నలుగురం చాయ్ తాగాం, అబ్బా జొహర్ చదువుకున్నారు. పెట్రోల్ కారుకంటే గంటన్నర ఆలస్యంగా, 22 శాతం మిగిలి ఉండగా కర్నూలు చేరాం. ఫుప్పు కొడుకు ఏసీ కోసం పెట్టించిన సాకెట్ నుంచి వైరు లాగి రాత్రంతా చార్జ్ చేశాడు. పొద్దున్నే నిండు బ్యాటరీతో తిరిగొచ్చాం. ఏ తక్లీఫూ లేదు.

అదే దారి, అదే దూరం. తేడా ఒక్కటే. చాలీస్వా తారీఖు నలభై రోజుల ముందే తెలుసు. మౌత్ తారీఖు తెలీదు. చిన్న ఎలక్ట్రిక్ కారుకు రేపటి పని ఇవాళే చెప్పాలి. చెప్తే అది పెట్రోల్ కారుకంటే మెత్తగా, చవగ్గా, అలసట లేకుండా చేసి పెడుతుంది. మన రోజుల్లో నూటికి తొంభై ఐదు ముందే తెలిసిన రోజులే. స్కూలు, ఆఫీసు, ఆస్పత్రి, జుమా, బజారు. మిగతా ఐదు రోజుల కోసం పెట్రోల్ బంకు ఇంకా కావాలి. బ్యాటరీలు పెరుగుతున్నాయి, చార్జర్లు పెరుగుతున్నాయి, ఆ ఐదు కూడా తగ్గిపోవచ్చు. మా ఇంట్లో ఇప్పటికింకా తగ్గలేదు.

అందుకని ఫోన్ చేసేవాళ్లకు ఇప్పుడు నేను చెప్పేది ఇది. ఒక నెల రోజులు నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ ఎంత దూరం, ఎక్కడికి, ముందే తెలుసా, అప్పటికప్పుడు వచ్చిందా, రాసుకోండి. రాత్రి బండి ఎక్కడ పడుకుంటుందో, అక్కడ సాకెట్ ఉందో లేదో రాసుకోండి. ఖాందాన్‌లో నాలుగిళ్లు దగ్గరదగ్గరగా ఉంటే, నాలుగిళ్లకూ నాలుగు పెట్రోల్ కార్లు అక్కర్లేదు. ఒకటుంటే చాలు, దాని తాళం ఎక్కడుందో అందరికీ తెలియాలి.

కర్నూలు నుంచి వచ్చిన మూడో రోజు ఐదు వేలు తీసుకుని టైలర్ భాయ్ దగ్గరికి వెళ్లాను. మాట ఇచ్చి తప్పడం అబ్బాకి నచ్చని పని, అందుకే ఆయనా వెంట వచ్చారు. జరిగింది చెప్పాను. భాయ్ మిషన్ ఆపి విన్నారు. ఆయన నిజంగానే ఆ బండి మీద ఆశ పెట్టుకున్నారు, ముఖంలో కనిపించింది. డబ్బు తీసుకుని, లెక్కపెట్టకుండా గల్లాలో వేసుకున్నారు.

"సరే మియా, ఉంచుకోండి. కానీ మా ఇంట్లో అలాంటి రాత్రి వస్తే తాళం నాకివ్వాలి."

"రాత్రి ఎన్నింటికైనా తలుపు కొట్టు" అన్నారు అబ్బా.

ఇప్పటికి ఆ తాళం రెండుసార్లు గల్లీ దాటి వెళ్లి వచ్చింది. ఒకసారి పురుటికి, ఒకసారి నిజామాబాద్‌లో ఒక యాక్సిడెంట్‌కి. పెట్రోల్ పోసి తిరిగి ఇచ్చారు. ప్రతి జుమా పొద్దున, గుసుల్‌కి ముందు, అబ్బా కిందికి వెళ్లి పాత కారును పది నిమిషాలు చాలూ చేస్తారు, దాని బ్యాటరీ పడిపోకుండా. బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడతారు. చెవికి అందనిది ఆ చేతికి అందుతుందేమో. పక్కన ఎలక్ట్రిక్ కారు సాకెట్‌కి తగిలి, ఖామోష్‌గా, సోమవారం ఆస్పత్రి కోసం నిండుతూ ఉంటుంది.